పాండుర వర్ణపు గుర్రం నా కలలోకి వచ్చింది, భయపడాలా?

ప్రశ్న: మూడు నెలల కిందట మా నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉండి కోలుకుంటున్నారు. పోయిన నెలలో నాకో కల వచ్చింది. మా గుమ్మం ముందు బూడిద రంగు గుర్రం ఒకటి తల వంచుకుని నిలబడి ఉంది. జీను కట్టి ఉంది, మీద మనిషి లేడు. ప్రార్థన కూటంలో ఒక పెద్దాయనకు చెబితే, "అది ప్రకటన 6వ అధ్యాయంలోని నాలుగో గుర్రం, మీ ఇంటికి మరణం రాబోతోంది" అన్నారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. రాత్రి రెండు మూడుసార్లు లేచి నాన్న ఊపిరి తీసుకుంటున్నారో లేదో చూసి వస్తున్నాను. ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. బైబిల్లో గుర్రానికి అసలు అర్థం ఏమిటి? తెల్లది మంచిది, నల్లది చెడ్డది అనుకోవాలా? యేసు ఒకచోట గాడిద మీద, ఇంకోచోట గుర్రం మీద రావడం ఎందుకు? దయచేసి వివరంగా చెప్పండి. – ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. అర్థాలు తర్వాత.

ఆ పెద్దాయన చెప్పిన మాటకు లేఖనంలో ఆధారం లేదు. బైబిల్లో కలలు చాలానే ఉన్నాయి. యాకోబు కలలో నిచ్చెన ఉంది, మేకపోతులు ఉన్నాయి. యోసేపు కలలో పనలు, నక్షత్రాలు. ఫరో కలలో ఆవులు, వెన్నులు. మిద్యాను సైనికుడి కలలో దొర్లుకుంటూ వచ్చిన యవల రొట్టె. గుర్రం కనబడితే ఆ ఇంట్లో చావు అని చెప్పిన కల వీటిలో ఒక్కటీ లేదు. ఇక ప్రకటన గ్రంథం యోహాను పత్మాసు ద్వీపంలో చూసిన దర్శనం, ఏడు సంఘాల వారికి రాసి పంపినది. హింసలో ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పడానికి రాసిన పుస్తకాన్ని ఒక కూతురి నిద్ర చెడగొట్టడానికి వాడటం చూస్తే నాకు బాధగా ఉంది. ఆయన మంచి మనసుతోనే అని ఉండొచ్చు, ఆ మాట మాత్రం పొరపాటే.

మూడు నెలలుగా తండ్రి మంచం పక్కన మెలకువగా ఉన్న మనిషికి ఇలాంటి కల రావడంలో వింతేమీ లేదు. "విస్తారమైన పనిపాటులవలన స్వప్నము పుట్టును" అని ప్రసంగి 5:3లో ఉంది. మీ అలసటకు దేవుడి వాక్యంలోనే పేరు ఉందన్నమాట.

ఇక గుర్రం దగ్గరికి వద్దాం. బైబిల్ రోజుల్లో గుర్రం ఇంటి జంతువు కాదు. దుక్కి దున్నడానికి ఎద్దు ఉంది, బరువు మోయడానికి గాడిద ఉంది. గుర్రాన్ని పోషించగలిగేది రాజు, అదీ రథానికి కట్టడానికి. అందుకే ఆ రోజుల్లో "గుర్రాలు వస్తున్నాయి" అంటే, ఈ రోజుల్లో "ట్యాంకులు వస్తున్నాయి" అన్నట్టు వినబడేది. ఇది మనసులో పెట్టుకుంటే సగం వచనాలు వాటంతట అవే అర్థమవుతాయి. ఫరో 600 శ్రేష్ఠమైన రథాలతో తరుముకొచ్చినప్పుడు ఇశ్రాయేలీయుల చేతిలో ఒక్క గుర్రం లేదు. సముద్రం దాటాక మిర్యాము తంబుర పట్టుకుని పాడిన పాటంతా గుర్రాన్నీ రౌతునూ దేవుడు సముద్రంలో పడేశాడనే. కనాను సేనాపతి సీసెరాకు 900 ఇనుప రథాలుంటే, వాగు పొంగి వాటిని పనికిరాకుండా చేసింది.

ద్వితీయోపదేశకాండం 17:16 చూడండి. రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించుకోకూడదు, వాటికోసం జనాన్ని మళ్లీ ఐగుప్తుకు పంపకూడదు అని ఆజ్ఞ. గుర్రాల కోసం వెళ్లే దారి, బానిసలుగా బతికిన చోటికే తిరిగి వెళ్లే దారి. సొలొమోను సరిగ్గా ఆ పనే చేశాడు. 1 రాజులు 10వ అధ్యాయం చివర లెక్క కూడా రాసి ఉంది: 1,400 రథాలు, 12,000 మంది రౌతులు. ఐగుప్తు నుంచి తెచ్చిన రథం 600 తులాల వెండి, గుర్రం 150. ఆ వచనాలు పైకి వైభవంలాగే కనిపిస్తాయి. ధర్మశాస్త్రం తెలిసినవాడికి మాత్రం అక్కడే గుండె జారుతుంది, ఎందుకంటే తర్వాతి అధ్యాయంలోనే సొలొమోను హృదయం తిరిగిపోతుంది.

నాకు చాలాకాలం మింగుడుపడని వచనం ఒకటుంది. యెహోషువ 11:6లో, హాసోరు రాజు యాబీను కూటమిని ఓడించాక, పట్టుకున్న గుర్రాల గుదికాలి నరం కోసేసి రథాలను కాల్చేయమని దేవుడు చెబుతాడు. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. నోరులేని జంతువు ఏం చేసింది అనిపించింది. ఇప్పటికీ ఆ వచనం నాకు తేలిక కాలేదు. కానీ ఒకటి అర్థమైంది. ఆ నరం తెగిన గుర్రం రథాన్ని లాగలేదు. శత్రువు బలాన్ని కైవసం చేసుకుని "ఇక మాకూ రథాలున్నాయి" అని చెప్పుకునే దారిని దేవుడు మొదటి రోజే మూసేశాడు. దావీదు తర్వాత అదే పని చేశాడు, కానీ 100 రథాలకు సరిపడే గుర్రాలను ఉంచుకున్నాడు. 2 సమూయేలు 8:4 ఆ సంగతి వ్యాఖ్యానం లేకుండా రాసి ఊరుకుంది. ఆ తర్వాత ఆయన కొడుకు అబ్షాలోము తండ్రి మీద తిరగబడే ముందు మొట్టమొదట సిద్ధం చేసుకున్నది రథం, గుర్రాలు, ముందు పరుగెత్తడానికి 50 మంది మనుషులు. నాకు ఈ రెండూ పక్కపక్కనే కనబడతాయి.

కీర్తన 20:7 మీకు కంఠతా వచ్చే ఉంటుంది: "కొందరు రథములనుబట్టియు కొందరు గుఱ్ఱములనుబట్టియు అతిశయపడుదురు, మనమైతే మన దేవుడైన యెహోవా నామమునుబట్టి అతిశయపడుదము." యెషయా 31వ అధ్యాయంలో ఇదే మాటను ఇంకా పదునుగా అంటాడు: ఐగుప్తీయులు మనుషులే, దేవుడు కారు; వాళ్ల గుర్రాలు మాంసమే, ఆత్మ కావు. యెరూషలేమును అష్షూరు సైన్యం బెదిరించినప్పుడు వాళ్ల అధికారి రబ్షాకే ప్రాకారం కింద నిలబడి యూదా రాజు హిజ్కియా మనుషులను ఎలా ఎగతాళి చేశాడో గుర్తుందా? "2,000 గుర్రాలు నేనిస్తాను, ఎక్కడానికి మీ దగ్గర రౌతులున్నారా?" అన్నాడు. వాళ్లు ఒక్క మాటా బదులు చెప్పలేదు. హిజ్కియా ఆ తర్వాత వచ్చిన ఉత్తరాన్ని తీసుకెళ్లి మందిరంలో దేవుడి ముందు పరిచాడు.

కాబట్టి లేఖనంలో గుర్రానికి అర్థం ఒక్క మాటలో చెప్పమంటే, మనిషి ఆనుకునే బలం అంటాను. దాన్ని చూసి భయపడటమూ, దాన్ని చూసుకుని మురిసిపోవడమూ రెండూ నమ్మకం దారి తప్పినప్పుడే వస్తాయి. ద్వితీయోపదేశకాండం 20:1 గుర్రాలను చూసి భయపడవద్దంటుంది, 17:16 గుర్రాలను పోగేయవద్దంటుంది. మీ కలకు నేను ఏదైనా వాక్యం ఎంచాల్సి వస్తే 20:1 ఎంచుతాను.

అంతమాత్రాన గుర్రం చెడ్డ జంతువు అనుకోకండి. యోబు 39వ అధ్యాయంలో దేవుడే దాన్ని చూపించి మురిసిపోతాడు. "గుఱ్ఱమునకు నీవు బలమిచ్చితివా? జూలు వెండ్రుకలతో దాని మెడను కప్పితివా?" అని అడుగుతాడు. నేలను కాలితో గీరడం, ముక్కుపుటాల బుసలు, బాకా వినగానే దూరం నుంచే యుద్ధపు వాసన పసిగట్టడం, అన్నీ అక్కడ ఉన్నాయి. గుర్రానికి దగ్గరగా ఒకసారి నిలబడి చూస్తే ఆ వచనాలు ఎంత నిజమో తెలుస్తుంది. నేను ఒకసారి కళ్లెం వేస్తుండగా చూశాను. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. ఆ ఇనుప ముక్క అక్కడ, నాలుక మీద, సరిగ్గా అందులోకే పుట్టినట్టు కూర్చుంది. నా రెండు చేతులకూ అందనంత మెడ, ఒక వేలి లావు ఇనుముకు పక్కకు తిరిగింది. కొత్త నిబంధనలోని యాకోబు తన పత్రిక 3:3లో నాలుక గురించి చెప్పేటప్పుడు కళ్లెంతోనే ఎందుకు మొదలుపెట్టాడో ఆ రోజు తెలిసింది. ప్రార్థన కూటాల్లో మాట్లాడే మనమంతా ఆ వచనం ముందు కాసేపు ఆగాలి.

రంగుల ప్రశ్నకు వస్తాను. తెల్లది మంచి, నల్లది చెడు అనే పట్టిక బైబిల్లో ఎక్కడా లేదు. జెకర్యా 1వ అధ్యాయంలో ఎర్ర గుర్రం మీద ఒకడు గొంజి చెట్ల మధ్య నిలబడి ఉంటాడు, వెనక ఇంకా ఎర్రవీ తెల్లవీ ఉంటాయి. అవి లోకమంతా తిరిగొచ్చి "భూమి నెమ్మదిగా ఉంది" అని చెబుతాయి. ప్రకటన 6లో ఎర్ర గుర్రం మీద ఉన్నవాడు ఆ నెమ్మదినే తీసేస్తాడు. రంగు ఒకటే, పని తలకిందులు. జెకర్యా 6లో నల్ల గుర్రాలు ఉత్తర దేశానికి వెళ్తాయి, చివరకు ఆ ఉత్తర దేశంలోనే దేవుడి ఆత్మ నెమ్మది పొందినట్టు రాసి ఉంది. అక్కడ నల్లది అపశకునం ఏమీ కాదు. ఎవరు ఎక్కారు, ఎవరు పంపారు, ఏం చేతికిచ్చారు అని చూడాలి. రంగు ఆ తర్వాత.

ప్రకటన 6ను ఆ కళ్లతో మళ్లీ చదవండి. గ్రంథపు చుట్టకున్న ముద్రలు విప్పుతున్నది వధింపబడిన గొర్రెపిల్ల, అంటే యేసే. దేవుడి సింహాసనం చుట్టూ ఉన్న నాలుగు జీవులు ఒక్కొక్కటిగా పిలిస్తేనే గుర్రాలు బయటికి వస్తాయి. మొదటివాడికి కిరీటం "ఇయ్యబడెను". రెండోవాడికి సమాధానం తీసేసే అధికారం ఇయ్యబడెను, ఖడ్గం ఇయ్యబడెను. నాలుగోవాడికి అధికారం ఇయ్యబడెను, అదీ భూమిలో నాలుగో భాగం మీదే. సొంతంగా దేనికీ శక్తి లేదు, హద్దు దాటే స్వేచ్ఛ లేదు.

మొదటి తెల్ల గుర్రం ఎవరన్నది సంఘంలో మొదటినుంచీ తేలని సంగతి. రెండో శతాబ్దంలో ఇరేనియస్ అది క్రీస్తే అనుకున్నాడు. ప్రకటన గ్రంథం మీద లాటిన్‌లో మనకు దొరికిన వ్యాఖ్యానాల్లో అన్నిటికన్నా పాతది రాసిన విక్టోరినస్ దాన్ని లోకంలోకి బయలుదేరిన సువార్త ప్రకటన అన్నాడు. అబద్ధ క్రీస్తు అనేవాళ్లూ ఉన్నారు. విల్లు పట్టిన రౌతు అనగానే రోమా సామ్రాజ్యంలోని పాఠకులకు తూర్పు సరిహద్దులోని పార్థీయులు గుర్తొచ్చి ఉంటారని మరికొందరంటారు. క్రీ.పూ. 53లో కర్రే దగ్గర రోమా సైన్యాన్ని తుడిచిపెట్టింది ఆ గుర్రపు విలుకాండ్రే. నాకు ఇది క్రీస్తు అనిపించదు. ముద్ర విప్పేవాడూ, ఒక జీవి పిలిస్తే బయటికి వచ్చేవాడూ ఒకరే ఎలా అవుతారు? పైగా ఇక్కడ కిరీటానికి గ్రీకులో వాడింది స్తెఫానోస్, గెలిచినవాడికి పెట్టే దండ. 19వ అధ్యాయంలో యేసు తల మీద ఉన్నవి దియాదెమాలు, రాజులు ధరించేవి. కానీ ఇంత భక్తిపరులు వేరేగా అనుకున్న చోట నేను పట్టుబట్టను.

నల్ల గుర్రం దగ్గర మాత్రం ఆగండి, ఎవరూ ఆగరు. దాని మీద ఉన్నవాడి చేతిలో ఉన్నది త్రాసు. ఒక దేనారానికి ఒక సేరు గోధుమలు, ఒక దేనారానికి మూడు సేర్ల యవలు, నూనెనూ ద్రాక్షారసాన్నీ పాడుచేయవద్దు అని ఒక స్వరం వినబడుతుంది. దేనారం అంటే రోజు కూలి. ద్రాక్షతోట యజమాని ఉపమానంలో కూలీలకు ఇచ్చింది అదే. మన బైబిల్లో సేరు అన్నది ఒక మనిషికి ఒక్కరోజు తిండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్లు విరుచుకున్న కూలివాడు గోధుమలు కొంటే తన కడుపు నిండుతుంది, ఇంట్లో పెళ్లాం పిల్లలు పస్తు. అందరూ తినాలంటే యవలు కొనాలి. నూనె, ద్రాక్షారసం మాత్రం అలాగే ఉన్నాయి. కరవు అందరి ఇంటికీ ఒకేలా రాదని యోహాను చూశాడు. ఈ గుర్రాన్ని కలల పుస్తకంలో వెతికేవాళ్లు త్రాసును చూడకుండా వెళ్లిపోతున్నారు.

ఇక మీ గుర్రం. మన బైబిల్లో "పాండుర వర్ణము" అన్నారు. గ్రీకులో ఉన్న మాట క్లోరోస్. అయిదువేల మందిని యేసు కూర్చోబెట్టిన పచ్చగడ్డికి మార్కు 6:39లో వాడిన మాటే అది. గడ్డికి ఆ రంగు అందం, ఒంటికి ఆ రంగు జబ్బు. పాండురోగం అంటాం చూడండి, ఆ పాలిపోయిన రంగు. మూడు నెలలుగా మీరు మీ నాన్నగారి ముఖంలో చూస్తూ వచ్చిన రంగు బహుశా అదే. అది మీ కలలోకి రావడానికి ప్రకటన గ్రంథం అవసరం లేదు.

ఇంకొకటి గమనించండి. ఆ గుర్రం ఎక్కినవాడి పేరు మృత్యువు, వెనక వస్తున్నది పాతాళం. ఈ ఇద్దరి మాట యోహాను వినడం అక్కడ మొదటిసారి కాదు. 1:17-18లోనే, చచ్చినవాడిలా పడిపోయిన తన మీద చెయ్యి వేసి యేసు చెప్పాడు: "భయపడకుము." మరణానికీ పాతాళానికీ తాళపుచెవులు తన స్వాధీనంలో ఉన్నాయని. 20:14లో ఆ ఇద్దరూ అగ్నిగుండంలో పడతారు. 6వ అధ్యాయం ఒక్కదాన్నే తీసి చూపించినవాళ్లు ముందున్న తాళపుచెవులనూ, చివరనున్న గుండాన్నీ మీకు చూపించలేదు.

మీ కలలోని గుర్రం మీద మనిషి లేడు అన్నారు. దాని మీద నేను ఏ అర్థమూ కట్టను. కానీ ప్రకటన 6లో మృత్యువు అనే పేరు గుర్రానిది కాదు, ఎక్కినవాడిది. లేని మనిషిని ఆ జీను మీద కూర్చోబెట్టింది ఎవరో మీరే చూడండి. లేనివాటిని కలపడం మనుషులకు అలవాటే. పౌలు దమస్కు దారిలో గుర్రం మీద నుంచి పడ్డాడని ఎంతమంది ప్రసంగాల్లో చెప్పగా వినలేదు మనం? అపొస్తలుల కార్యములు 9లో గుర్రం ప్రస్తావనే లేదు. నేల మీద పడ్డాడు, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయారు, అంతే. కరవాజ్జో 1601 ప్రాంతంలో గీసిన బొమ్మలాంటివి గుర్రాన్ని మన కళ్లలో నిలబెట్టేశాయి.

గాడిద గురించి అడిగారు. గాడిద ఎక్కడం అప్పట్లో నామోషీ కాదు. దావీదు తన కంచరగాడిద మీద సొలొమోనును ఎక్కించి రాజుగా ప్రకటించాడు. అది యుద్ధం లేని రాజు ఎక్కేది. జెకర్యా 9:9లో దీనుడైన రాజు గాడిద పిల్లనెక్కి వస్తాడని మట్టల ఆదివారం అందరం చదువుతాం, 10వ వచనం దగ్గర ఆపేస్తాం. అక్కడ దేవుడు యెరూషలేములో గుర్రాలు లేకుండా చేస్తానంటాడు. సొంత పట్టణంలోని గుర్రాలనే. ప్రకటన 19లో అదే యేసు తెల్ల గుర్రం మీద తీర్పు తీర్చడానికి వస్తాడు. అక్కడ కూడా ఖడ్గం చేతిలో లేదు, నోట్లోనుంచి వస్తోంది. వెంట వచ్చే సైన్యానికి తెల్లని నార బట్టలు చెప్పారు, ఆయుధాలు చెప్పలేదు. యుద్ధం వర్ణించకముందే ఆయన వస్త్రం రక్తంలో ముంచి ఉంది. అది శత్రువుల రక్తమని కొందరంటారు, సిలువ రక్తమని కొందరు. నేను రెండో మాటే నమ్ముతాను.

భయంతో రాత్రిళ్లు లేస్తున్నానన్నారు కనుక 2 రాజులు 6వ అధ్యాయం మీకోసం. దోతాను పట్టణంలో ప్రవక్త ఎలీషా సేవకుడు పొద్దున్నే లేచి బయటికి వస్తే, పట్టణం చుట్టూ సిరియనుల గుర్రాలు, రథాలు. "అయ్యో, ఏం చేద్దాం?" అన్నాడు. వీడి కళ్లు తెరువు ప్రభువా అని ఎలీషా ప్రార్థించాడు. అప్పుడు కొండంతా అగ్ని గుర్రాలు, రథాలు కనబడ్డాయి. ఇంతవరకు అందరూ చెబుతారు. నాకు ఇష్టమైంది ఆ తర్వాతిది: ఆ అగ్ని గుర్రాలు ఒక్కడుగు కూడా కదిలినట్టు రాయలేదు. ఎవరినీ తొక్కలేదు. శత్రువుల కళ్లకు మబ్బు కమ్మింది, ఎలీషా వాళ్లను ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనుకు నడిపించాడు, అక్కడి రాజు చంపనా అంటే వద్దని భోజనం పెట్టించి ఇంటికి పంపాడు. కొండ మీద అంత సైన్యం ఉండగా జరిగింది విందు.

ఇప్పుడు చేయాల్సినవి. ఆ పెద్దాయనతో గొడవ పడకండి. "అయ్యా, ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు, నాన్నగారి ఆరోగ్యం కోసం ప్రార్థన చేయండి చాలు" అని చెప్పండి. రాత్రి లేచి చూసే వంతు ఇంట్లో ఇంకొకరితో పంచుకోండి. నాన్నగారి ఊపిరి గురించి నిజంగా అనుమానం ఉంటే డాక్టర్‌ను అడగండి, కలను అడగవద్దు. ఇలాగే ఇంకొన్ని వారాలు నిద్ర పట్టకపోతే మీ గురించి కూడా డాక్టర్‌కు చెప్పాలి, అది విశ్వాసంలో లోటేమీ కాదు.

నాన్నగారికి కల సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే ఆయనే నవ్వి మిమ్మల్ని ఓదార్చవచ్చు. చెప్పకపోయినా సాయంత్రం ఆయన పక్కన కూర్చుని యోబు 39 పైకి చదివి వినిపించండి. 19వ వచనం దగ్గర మొదలుపెట్టండి, నెమ్మదిగా.